చూడని డమ్మీ కోసం: జూలీ శిక్షణ డైరీ

సెప్టెంబరు ఆఖరు

మా జూలీకి రెండేళ్ళు నిండాయి. నల్ల లాబ్రడార్. డమ్మీ, అంటే శిక్షణ కోసం విసిరే కాన్వాస్ గొట్టం, గాల్లోకి లేవడం చూసిందంటే చాలు, అది ఏ తుప్పలో పడినా వెతికి పట్టుకొచ్చి చేతికిస్తుంది. ఇలా పడిన చోటు కళ్ళారా చూసి తెచ్చే పనిని రిట్రీవర్లు, అంటే పడినదాన్ని తెచ్చిచ్చే జాతుల కుక్కలు, పెంచేవాళ్ళు మార్క్ అంటారు. ఈ చలికాలంలో దానికి నేర్పాలనుకుంటున్నది బ్లైండ్. ఇందులో డమ్మీ ఎక్కడుందో కుక్కకి తెలియదు, నాకే తెలుసు. నేను చూపిన దిక్కున అది తిన్నగా పరుగెత్తాలి. దారి తప్పితే, ఈల వినపడగానే ఆగి నా వైపు తిరిగి కూర్చోవాలి. చెయ్యి ఎటు చాపితే అటు వెళ్ళాలి.

వెళ్ళడం, ఆగడం, మళ్ళడం. అంతే పని. విడివిడిగా నేర్పితే ఏదీ పెద్ద కష్టం కాదు. కానీ ఒకటి బలపడితే ఇంకోటి నీరసపడుతుంది. మాటిమాటికీ ఆపితే కుక్క ధైర్యంగా వెళ్ళడం మానేస్తుంది. ఆపకుండా పంపుతూ పోతే ఈల చెవికెక్కడం మానేస్తుంది. ఈ ఆర్నెల్లూ నేను చూసుకోవలసింది ఆ తూకమే.

వేటకి తీసుకెళ్తావా అని అడుగుతున్నవాళ్ళకి ముందే చెప్తున్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో వేట నేరం. ఈ పనిలో పిట్టలూ లేవు, తుపాకులూ లేవు. నిజానికి ఈ జాతికి తెచ్చివ్వడం అబ్బింది చేపల పడవల మీద. న్యూఫౌండ్లాండ్ తీరంలో సెయింట్ జాన్స్ కుక్కలని ఉండేవి. గాలం జారిన చేపల్నీ, వలల తాళ్ళనీ నీళ్ళలోంచి ఈదుకుంటూ తెచ్చేవి. 19వ శతాబ్దంలో వాటిలో కొన్ని ఓడలెక్కి ఇంగ్లండ్ చేరాయి. లాబ్రడార్ వాటి సంతతే. 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. కాబట్టి విశాఖ తీరంలో దీన్ని పెంచడంలో నాకైతే వింతేమీ కనబడదు.

డమ్మీలు కూడా అక్కడి సరుకుతోనే తయారుచేయించాను. ఫిషింగ్ హార్బర్ దగ్గర వలల సామాను అమ్మే కొట్లో బెండ్లు కొన్నాను. పూర్ణా మార్కెట్ వైపు టార్పాలిన్లు కుట్టే ఆయన మందపాటి కాన్వాస్‌తో గొట్టాల్లా కుట్టి, లోపల బెండు పెట్టి, ఒక చివర తాడు వేసి ఇచ్చాడు. ఒక్కోటి అరకిలో లోపే. నీళ్ళలో మునగదు, నోట్లో జారదు. సగం తెల్లవి, సగం నారింజ రంగువి. ఆ రంగు వెనక ఒక లెక్కుంది. కుక్క కంటికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి. ఎరుపు, నారింజ పచ్చగడ్డిలో విడిగా తెలియవు. కాబట్టి డమ్మీలు ఒకచోట కుప్ప పోసి నేర్పేటప్పుడు తెల్లవి, అసలు బ్లైండ్‌కి నారింజవి. నారింజ డమ్మీ దూరం నుంచి నాకు కనపడుతుంది, దానికి కనపడదు.

ఈల ఆక్మే 211½. లోపల గోళీ ఉండదు, అందుకని తడిసినా స్వరం మారదు. ఒక్క పొడుగాటి ఊదు అంటే ఆగి కూర్చో. వరసగా చిన్న ఊదులు అంటే వచ్చెయ్యి. ఇక మాటల సంగతి. 'జూలీ' అని పేరు పిలిచి పంపితే తను చూసినదాన్ని తేవాలి. 'బ్యాక్' అని పంపితే తను చూడలేదు, నేను చూశాను అని అర్థం. ఈ రెండూ ఎప్పుడూ కలపకూడదు.

మెడకి కట్టి దూరం నుంచి షాక్ ఇచ్చే కరెంటు కాలర్ వాడను. అమెరికాలో చాలామంది దాంతోనే నేర్పుతారు, మంచి కుక్కల్నే తయారుచేస్తారు. వేల్స్‌లో 2010లోనే దాన్ని నిషేధించారు. నా ఆలోచన వేరే. జూలీ మెత్తటి స్వభావం ఉన్న కుక్క. దానికి నేను నేర్పాలనుకుంటున్నదే నన్ను నమ్మడం. నొప్పి ఎటునుంచి వస్తుందో తెలియని కుక్క అంత దూరంలో నా చేతిని ఎందుకు నమ్మాలి?

పని మొదలుపెట్టే ముందు వెటర్నరీ డాక్టరు దగ్గర, తుంటి కీళ్ళలో జబ్బేమైనా ఉందేమోనని ఎక్స్‌రే తీయించాను. లాబ్రడార్లలో ఇంకో జబ్బు కూడా ఉంది. గట్టిగా పరుగెత్తిన కాసేపటికి వెనక కాళ్ళు పట్టు తప్పి కూలబడతాయి. దానికి ఒక జన్యువులోని మార్పు కారణమని 2008లో తేలింది. జూలీ తల్లినీ తండ్రినీ పెంచినవాళ్ళని అడిగాను. వాటిలో ఎప్పుడూ అలాంటిది చూడలేదన్నారు. అయినా పరుగు తర్వాత దాని వెనక కాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచుతాను.

అక్టోబరు మొదటి రోజులు

సాగర్ నగర్ దాటాక సరుగుడు తోటని ఆనుకుని ఒక ఖాళీ ఇసుక నేలుంది. తెల్లారేసరికి అక్కడుంటున్నాం. సాయానికి మా అక్క కొడుకు వస్తున్నాడు. డిగ్రీ చదువుతున్నాడు, కుక్కలంటే ప్రాణం.

మొదట కుప్ప. అయిదారు తెల్ల డమ్మీలు ఒకే చోట పోసి, జూలీని దగ్గరికి తీసుకెళ్ళి చూపించి, పది అడుగుల నుంచి పంపాను. తెచ్చింది. ఇంకాస్త వెనక్కి జరిగి మళ్ళీ పంపాను. ఇందులో కీలకమంతా ఒక్కటే: కుప్ప కదలకూడదు, మనమే వెనక్కి జరగాలి. కుక్కకి ఆ చోటు ఖాయం. అక్కడ ఎప్పుడూ డమ్మీ ఉంటుందని దానికి గట్టి నమ్మకం. అందుకే దూరం ఎంత పెరిగినా జంకదు. కుప్పని దూరం జరుపుతూ పోతే మాత్రం ప్రతిసారీ పాత చోట ఆగి వెతుకుతుంది.

పంపే ముందు కుక్కని నిలబెట్టడంలో చాలా ఉంది. ఎడమ పక్క కూర్చోబెడతాను. తల ఎటుందో చూసి అందరూ సంతోషపడతారు. నేను చూసేది వెన్నెముకని. తల కుప్ప వైపే ఉన్నా నడుము పక్కకి తిరిగి ఉంటే, కుక్క నడుము ఉన్న వైపే పరుగు తీస్తుంది. అప్పుడు దాన్ని నెట్టకుండా, నేనే ఒక అడుగు అటో ఇటో వేసి మళ్ళీ పక్కన కూర్చోబెట్టుకుంటాను. నడుము, మెడ, చూపు ఒకే గీతలోకి వచ్చాక ఎడమ చెయ్యి దాని తల పక్కగా చాపుతాను. చూపు దూరంలో కుదురుకునేదాకా ఆగుతాను. అప్పుడే 'బ్యాక్'.

అక్టోబరు నడిమి

వానలు. అల్పపీడనం మీద అల్పపీడనం. అక్టోబరంటే విశాఖ వాళ్ళకి 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ గుర్తుకు రాకుండా ఉండదు. ఇప్పటికీ గాలి కాస్త గట్టిగా వీస్తే మా అమ్మ కిటికీలు చూసుకుంటుంది.

బయటికి వెళ్ళడానికి లేక, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆగే ఈల మొదలుపెట్టాం. ముందు పక్కన నడుస్తుండగా ఊది, కూర్చోగానే చిన్న చికెన్ ముక్క. తర్వాత నా వైపు వస్తుండగా. వస్తున్న కుక్కని సగంలో ఆపడం తేలిక, ఎదురుగా నేను కనబడుతుంటాను కాబట్టి. నా నుంచి దూరంగా వెళ్తున్న కుక్కని ఆపడమే అసలు పరీక్ష. అది బయట చెయ్యాల్సిందే, వాన తెరిపివ్వాలి.

నవంబరు మొదట్లో

వాన తగ్గింది, ఇసుక గట్టిపడింది. కుప్ప వైపు వెళ్తుండగా మొదటిసారి ఈల ఊదాను. ఆ ఆగడం ఇప్పటికీ కళ్ళ ముందుంది. ముందు కాళ్ళు రెండూ ఇసుకలో దిగబడ్డాయి, వెనక భాగం పక్కకి జారి ఒళ్ళంతా గిర్రున నా వైపు తిరిగింది, తోక ఒకసారి ఇసుకని ఊడ్చి ఆగిపోయింది. అప్పటిదాకా తెరిచి ఉన్న నోరు టక్కున మూతపడింది. కుక్క వింటోందో లేదో నాకు చెప్పేది ఆ నోరే. నాలుక వేలాడుతూ ఉంటే కళ్ళు నా మీదున్నా బుర్ర ఇంకెక్కడో ఉన్నట్టు.

ఈ దశలో నియమం: ప్రతి పరుగులోనూ ఆపకూడదు. ఒకటి ఆపితే తర్వాతి కొన్ని పరుగులు తిన్నగా కుప్ప దాకా వెళ్ళనివ్వాలి. ఎన్నోదానికి ఆపుతామో కూడా కుక్క పసిగట్టకూడదు.

చేతి సైగలు వేరుగా, ఒక పాత ప్రహరీ గోడ పక్కన నేర్పుతున్నాను. జూలీని గోడకి ఆనించి నా ఎదురుగా కూర్చోబెట్టి, గోడ వెంబడి కుడివైపు ఒక డమ్మీ, ఎడమవైపు ఒక డమ్మీ. చెయ్యి పక్కకి చాపితే గోడ వెంబడే వెళ్ళాలి, వెనక్కి పోవడానికి దారే ఉండదు. పక్క సైగలు నిలిచాక మైదానంలోకి వచ్చి వెనక్కి పంపే సైగ. నా కుడి చెయ్యి నిటారుగా పైకి లేస్తే నా కుడివైపుగా తిరిగి వెనక్కి పరుగు, ఎడమ చెయ్యి లేస్తే ఎడమవైపుగా తిరిగి. ఏ భుజం మీదుగా తిరిగిందన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ అడ్డొచ్చే గట్టుకి ఏ పక్కకి పడుతుందన్నది ఆ మొదటి మలుపే తేలుస్తుంది.

తొందరపడి చెయ్యి ఊపడం పనికిరాదు. కూర్చున్నాక ఒకటి రెండు క్షణాలు ఇద్దరం కదలకుండా ఉంటాం. తర్వాత చెయ్యి మెల్లగా, పూర్తిగా. మాట ఆ తర్వాత.

ఇక్కడ సూర్యుడి సంగతి రాయాలి. సముద్రం మాకు తూర్పున. నేను తీరం వైపు నిలబడి కుక్కని ఊరి వైపు పంపితే, అది ఆగి తిరిగి చూసేసరికి నా వెనక నిగనిగలాడే సూర్యుడు, కింద మెరిసే నీళ్ళు. నా చెయ్యి దానికి కనబడదు. తల వంచి అటూ ఇటూ చూస్తుంది, తెలియక ఏదో ఒక పక్కకి వెళ్తుంది. దాన్ని మొండితనం అనుకుని కేకలు వేసేవాళ్ళని చూశాను. పొద్దున్నపూట ఎప్పుడూ తీరం వెంబడే, ఉత్తరానికో దక్షిణానికో గీతలు వేసుకుంటున్నాను. చేతులు కనబడడానికి తెల్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా. వెనక సరుగుడు చెట్ల ముదురాకుపచ్చ ఉంటే ఆ తెలుపు ఇంకా బాగా తెలుస్తుంది.

డిసెంబరు

ఇంగ్లీషు టీ (T) అక్షరం ఆకారంలో పాఠం మొదలైంది. తిన్నటి గీత చివర ఒక కుప్ప, దాదాపు తొంభై మీటర్లు. సగం దూరంలో రెండు పక్కలా ఒక్కో కుప్ప. పంపడం, సగంలో ఆపడం, కుడికో ఎడమకో వెనక్కో మళ్ళించడం. వెళ్ళడం, ఆగడం, మళ్ళడం మొదటిసారి కలిసేది ఇక్కడే.

తూకం తేడా చేసేది కూడా ఇక్కడే. జూలీ ఈల వినకుండానే ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూడడం మొదలుపెట్టింది. దీన్ని పాపింగ్ అంటారు. టీలో ప్రతి పరుగుకీ మధ్యలో ఏదో ఒక పని ఉంటుంది కాబట్టి తెలివైన కుక్క ముందే అడిగేస్తుంది, 'ఇక్కడేనా?' అని. అడిగినప్పుడల్లా చెయ్యి ఊపితే ఇక ప్రతి ఇరవై మీటర్లకీ అడుగుతుంది.

టీ ఆపేశాం. ఈల మెడలోంచి తీసి కారులో పెట్టాను. కొన్నాళ్ళు ఉత్త పరుగులే. తెలిసిన కుప్ప, పొడుగాటి గీత, దారిలో ఏ అడ్డూ లేదు. ఆగి చూస్తే కదలకుండా, పలకకుండా నిలబడ్డాను. కాసేపు చూసి, నా నుంచి ఏమీ రాదని తేలాక తనే తిరిగి వెళ్ళింది. మెల్లగా ఆ చూపులు తగ్గిపోయాయి. పరుగులో వెనకటి ఊపు వచ్చింది. అప్పుడు టీకి తిరిగి వెళ్ళి, ఆపే పరుగుల కన్నా ఆపని పరుగులే బాగా ఎక్కువ ఉండేలా చూసుకున్నాను. కుక్కకి ఈల అపురూపంగా ఉండాలి. ఎంత అరుదుగా ఊదితే అంత బాగా ఆగుతుంది, ఇది నా గట్టి అభిప్రాయం.

డిసెంబరు చివర

కోతలు అయిపోయాయి. సరుగుడు తోట వదిలి పద్మనాభం వైపు పొలాల్లోకి మారాం. 1794లో చిన విజయరామరాజు ఇంగ్లీషు వాళ్ళతో పోరాడి చనిపోయిన పద్మనాభమే. కొండ దూరం నుంచే కనిపిస్తుంది, ఎటు పంపుతున్నామో గుర్తు పెట్టుకోడానికి పనికొస్తుంది.

పొలం ఆసామి ఒక పెద్దాయన. మొదటి రోజు గట్టు మీద గొడుగు ఆనించి చాలాసేపు చూశాడు.

"ఏటి బావూ, అంత దూరం నుంచి సేతులూపితే కుక్క ఇంతాదా? మా ఎడ్లు ముల్లుగర్ర తగిలితే గాని కదలవు."

"నేర్పుతున్నాను తాతా. ఎక్కడుందో చూడకుండానే తేవాలి."

"సర్లే. మినుములు సల్లిన మళ్ళలోకి మాత్రం దిగనీకు. ఆ తాటిసెట్టుకి ఇవతలన్నీ కాళీయే."

ఇక్కడ వరి కోతకి ముందే ఆ తడిలో మినుములో పెసలో చల్లేస్తారు. పైకి ఉత్త దుబ్బుల్లా కనబడే మడిలో కూడా మొలక ఉండొచ్చు. ఆయన చూపించిన మళ్ళు తప్ప వేరే వాటిలో అడుగు పెట్టడం లేదు. కుక్కని దింపే ముందు నేనూ మా మేనల్లుడూ కర్రతో కొట్టుకుంటూ ఒకసారి నడిచి వస్తాం. కోతలప్పుడు ఎలకలుంటాయి, ఎలకల వెనక రక్తపింజరలు ఉంటాయి.

జనవరి, సంక్రాంతి ముందు

గట్ల గురించి వివరంగా రాస్తాను. బ్లైండ్ నేర్పడానికి మన వరి పొలాన్ని మించిన బడి లేదని నాకు ఇప్పుడు నమ్మకం కుదిరింది.

ఇసుక నేల మీద తిన్నగా వెళ్ళే కుక్క, గట్టు ఏటవాలుగా అడ్డం వస్తే తిన్నగా దాటదు. రెండు రకాలుగా తప్పుతుంది. ఒకటి, గట్టు దగ్గరికి రాగానే దానికి లంబకోణంలో తిరిగి దాటుతుంది, ఆ తిరిగిన దిక్కులోనే ముందుకి పోతుంది. రెండోది, గట్టెక్కి దాని వెంబడే నడిచిపోతుంది. గట్టు మీద దుబ్బులు గుచ్చుకోవు, దారి చదునుగా ఉంటుంది, ఎవరికైనా హాయి అదే. ఒక్కో గట్టు దగ్గర తేడా కొద్దిగానే. నాలుగైదు గట్లు దాటేసరికి డమ్మీకి పది పదిహేను మీటర్ల పక్కన తేలుతుంది.

దీనికి మేం చేసింది ఇలా. గట్టుకి రెండడుగుల దగ్గర నిలబడి, ఏటవాలుగా అవతల పక్కన కుప్ప పెట్టి, చూపించి పంపాను. అంత దగ్గరగా ఉంటే కుక్కకి వంకర తిరిగే చోటే ఉండదు, ఒక్క గెంతు. తర్వాత అయిదడుగులు వెనక్కి, తర్వాత పది. ఒక గట్టు కుదిరాక రెండు. మూడో గట్టుకి వచ్చేసరికి జూలీ గట్టు అంచున ఒక క్షణం ఆగినట్టు ఆగి, కుడి ముందు కాలు ఏటవాలుగా వేసి దూకింది. ఆ కాలు పడిన తీరు చూసి మా మేనల్లుడు "మావయ్యా, అర్థమైపోయింది దానికి!" అని అరిచాడు.

ఈల ఊదే చోటు కూడా గట్టు నేర్పింది. గట్టెక్కి దాని వెంబడి మొదటి అడుగు వెయ్యబోయే క్షణంలో ఊదాలి. అప్పుడు ఆగితే, తను ఏం చెయ్యబోయిందో దానికి గుర్తుంటుంది, చేతి సైగకీ ఆ పనికీ ముడి పడుతుంది. పది మీటర్లు పోయాక ఊదితే కుక్క ఆగుతుంది గానీ, ఎందుకు ఆపారో దానికి తెలియదు.

సైగ తప్పుగా తీసుకుంటే వెంటనే మళ్ళీ ఈల, తను బయల్దేరిన చోటికి వెనక్కి రప్పించి, అదే సైగ. కోపం లేదు, కేక లేదు. సరిగ్గా తీసుకునేదాకా డమ్మీ దొరకదు, అంతే.

సంక్రాంతికి సెలవు. ఊళ్ళో మైకులు, పిల్లల గాలిపటాలు, కోడి పందాల గోల. కుక్కకీ విశ్రాంతి కావాలి. భోగి మర్నాడు పల్లేరు ముళ్ళ కోసం పాదాలు చూస్తే, వేళ్ళ మధ్య ఒక చిన్న పుండు కూడా కనిపించింది. ఉప్పు నీళ్ళతో కడిగి, మానేదాకా నడక మాత్రమే.

ఫిబ్రవరి

ఇసుక నేలకి ఇప్పుడు వెళ్ళడం లేదు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికొచ్చి గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వాళ్ళు గుడ్లు ఏరి సంరక్షణ కేంద్రాల్లో పొదిగిస్తారు. ముక్కుతో బతికే జంతువుని ఆ ఇసుకలో వదలడం న్యాయం కాదు.

పొలంలో ఇప్పుడు పాఠం గాలిది. తెల్లవారుజామున గాలి కొండల వైపు నుంచి సముద్రం వైపు మెల్లగా ఉంటుంది. ఎండ ఎక్కే కొద్దీ తిరగబడి సముద్రం మీంచి వస్తుంది. గాలి పక్క నుంచి తోస్తే కుక్క తనకి తెలియకుండానే గాలి పోయే వైపు ఒరుగుతూ పరుగెత్తుతుంది. అందుకని డమ్మీకి గాలి కింది వైపు చేరడం తేలిక. అక్కడ వాసన తగిలి తనే పట్టేస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ అందులో మన పని ఏమీ లేదు. నేను అడ్డగాలిలో డమ్మీని, కుక్క గీత మీదే ఉంటే తప్ప ముక్కుకి అందని చోట పెట్టిస్తున్నాను.

ఈల చేరడం కూడా గాలి చేతిలోనే ఉంది. కుక్క గాలికి ఎదురు వెళ్తున్నప్పుడు నా ఈల కూడా గాలికి ఎదురీదాలి. ఎదురుగాలిలో శబ్దం నేల విడిచి పైకి వంగిపోతుంది, నేలకి దగ్గరగా ఉన్న కుక్క చెవికి సగమే అందుతుంది. అలాంటప్పుడు ఆగకపోతే అది వినలేదనే అనుకోవాలి. గట్టిగా మళ్ళీ ఊదాలి, లేదా దూరం తగ్గించుకోవాలి.

ఫిబ్రవరి చివర

ఇవాళ మొదటి అసలు బ్లైండ్. కుప్పలు లేవు, ముందుగా చూపించడం లేదు. నూట ఇరవై మీటర్లు ఉంటుంది, మధ్యలో ఏటవాలుగా మూడు గట్లు, డమ్మీ తాటిచెట్టుకి ఎడమగా దుబ్బుల్లో.

జూలీ కారులో ఉండగానే మా మేనల్లుడు డమ్మీ పెట్టి వచ్చాడు. పొలానికి అటు చివర నుంచి వెళ్ళి అటే తిరిగొచ్చాడు. మనం పంపే గీత మీద నడిస్తే అడుగుల వాసన పట్టుకుని పోతుంది, అది బ్లైండ్ కాదు. ఒకటి కాదు, మూడు డమ్మీలు పెట్టించాను. 'బ్యాక్' అని పంపిన చోట ఏమీ దొరక్కపోవడం అనేది ఈ కుక్క జీవితంలో జరగకూడదు.

పక్కన కూర్చోబెట్టాను. తాటిచెట్టు దాని చూపుని లాగుతోంది. ఒంటరి చెట్టు ఏ కుక్కనైనా లాగుతుంది. నేను అర అడుగు ఎడమకి జరిగాను, అదీ జరిగి కూర్చుంది. చూపు కుదురుకుంది. "బ్యాక్."

మొదటి గట్టు తిన్నగా దూకింది. రెండోదీ అంతే. మూడో గట్టెక్కి కుడికి, చెట్టు వైపు తిరగబోయింది. ఈల. గట్టు మీదే కూర్చుంది. ఎడమ చెయ్యి ఏటవాలుగా పైకి. ఎడమగా తిరిగి దిగింది. సరిగ్గా అప్పుడే పక్క మడిలోంచి కొంగల గుంపు లేచింది. జూలీ వాటి వెనక నాలుగు గెంతులు వేసింది. మళ్ళీ ఈల. ఆగింది, కూర్చుంది, కానీ తల కొంగల వైపే. చెయ్యి ఎత్తకుండా ఊరుకున్నాను. కొంగలు దూరమయ్యాయి. తల మెల్లగా నా వైపు తిరిగింది, నోరు మూతపడింది. అప్పుడు ఎడమ చెయ్యి నిటారుగా. పదిహేను మీటర్లు పరుగెత్తి తల కిందికి దించింది, తోక వేగం మారింది, డమ్మీ నోట్లో.

తిరిగి వస్తూ మూడు గట్లూ నేను చూపిన గీత మీదే దాటింది. అది మాత్రం నేను నేర్పలేదు.

పెద్దాయన గట్టు మీంచే చూశాడు. "రెండుసార్లే ఊదావు" అన్నాడు. ఈల లెక్క ఆయనా పెడుతున్నాడని అప్పుడే తెలిసింది.

మార్చి

తీతువు పిట్టలు పొలంలో జతలు కట్టాయి. అవి నేల మీదే గుడ్లు పెడతాయి, మట్టి రంగులోనే ఉంటాయి, కాలు పడేదాకా తెలియదు. మనుషుల్ని చూస్తే తల మీద తిరుగుతూ గోల చేస్తున్నాయంటే దగ్గర్లో గూడు ఉన్నట్టే. ఆ మళ్ళు వదిలేశాం.

నీళ్ళ పని మొదలుపెట్టాం. ముడసర్లోవ, మేఘాద్రి గెడ్డ తాగునీటి జలాశయాలు, వాటిలో కుక్కని దింపే ప్రశ్నే లేదు. సముద్రంలోనూ వద్దు. అల వెనక్కి లాగే చోట్లు మన తీరంలో ఎన్నో ఉన్నాయి. పైగా ఈదుతున్న కుక్క కన్ను నీటి మట్టానికి జానెడు ఎత్తులో ఉంటుంది, అలలుంటే నా చెయ్యి దానికి కనపడనే కనపడదు. పెద్దాయన వాళ్ళ ఊరి చెరువుకి అడిగి అనుమతి తీసుకున్నాం. లెప్టోస్పైరోసిస్ టీకా గడువు చూసుకున్నాకే దింపాను. పశువులు దిగే నిలవ నీటిలో ఆ జబ్బు భయం ఉంటుంది.

నీళ్ళలో ఆగడం వేరు. కూర్చోడానికి నేల లేదు, కాబట్టి ఈలకి తిరిగి నా వైపు చూస్తూ నీటి మీద నిలబడాలి. జూలీ మొదట ఈల వినగానే వెనక్కి ఈదుకొచ్చేసేది, ఒడ్డు చేరి కూర్చోవాలని దాని ఉద్దేశం. లోతు మోకాలి దాకా ఉన్న చోటికి మారి, నేల తగిలేలా ఆపి, అక్కడ్నించి మెల్లగా లోతుకి తీసుకెళ్ళాం. ఇప్పుడు గుండ్రంగా తిరిగి, ముక్కు పైకెత్తి, ముందు కాళ్ళు ఆడిస్తూ చూస్తోంది. నేను గట్టు మీద ఎత్తున నిలబడితేనే చెయ్యి బాగా అందుతుంది.

ఒడ్డు వెంబడి పరుగెత్తి దగ్గరగా దిగాలని చూడడం ఇంకా పోలేదు. గట్టు వెంబడి నడవాలనిపించే ఆశే ఇదీ. మందు కూడా అదే: దగ్గర నుంచి మొదలుపెట్టి, ఏటవాలు కొద్దికొద్దిగా పెంచడం. చెరువులో తూర్పు మూల గుర్రపుడెక్క దట్టంగా ఉంది, వేళ్ళు కాళ్ళకి చుట్టుకుంటాయి, అటు పంపను.

ఎండ ముదురుతోంది. నల్ల కుక్క, పైగా ఉక్క. గాలిలో తేమ ఎక్కువైతే వగర్చినా ఒళ్ళు చల్లబడదు. ఏడు దాటితే పని ఆపేస్తున్నాం. ఏప్రిల్ అంతా చెరువే, తెల్లవారుజామున కాసేపు. ఆదివారం పడమటి గట్టు నుంచి, మూడడుగుల ఏటవాలుతో మొదలుపెడతాను. ఈల ఊదకుండానే ఎంత దూరం వెళ్తుందో ముందు చూడాలి.